గెలవనివాళ్ళ పేజీ

జనవరి 11
కొండ మీద క్యాంపు

అమ్మాయ్,

నేను క్షేమం. మోకాలు మాత్రం క్షేమం కాదు. ఫోన్ చేయకుండా ఈ ఉత్తరాలేమిటని విసుక్కోకు. పోయిన షెడ్యూల్లో ఎవడో పాట ముక్క బయటికి వదిలాడని మా డైరెక్టరు అందరి ఫోన్లూ ఇనప్పెట్టెలో వేసి తాళం పెట్టాడు. పెట్టకపోయినా ఈ కొండ మీద అవి పలకవు. వారానికోసారి సామాన్ల వ్యాను కిందికి దిగుతుంది, డ్రైవరు నీకు ఉత్తరం అందిస్తాడు. నీ జవాబు కూరగాయలతో పాటు పైకొస్తుంది.

ఆ కూరగాయలు చుట్టిన పేపర్లోనే ఇవాళ నా ఫొటో చూశాను. ఉత్తమ సహాయ నటుడికి నన్ను మళ్ళీ నామినేట్ చేశారట. పన్నెండోసారి! యూనిట్ మొత్తం వచ్చి చేయి కలిపింది. ఆసుపత్రిలో రోగిని చూసి "బానే ఉన్నారే!" అంటారు చూడు, అచ్చం ఆ ముఖాలతో.

వాళ్ళకేం తెలుసు? నాకైతే పండగే. పదకొండుసార్లు నామినేటై ఒక్కసారి కూడా గెలవనివాణ్ణి ఈ పరిశ్రమలో నేనొక్కణ్ణే అని మీ అవార్డుల సంఘం ఆఫీసు పుస్తకంలోనే అచ్చేశారు కదా. ఇప్పుడది పన్నెండు. అవార్డుదేముంది, ఏడాదికొకడికి ఇస్తారు. రికార్డు ఒక్కడిదే. క్విజ్ పోటీల్లో పిల్లలు నా పేరు చెప్పి బహుమతులు పట్టుకెళ్తున్నారు. ఈ ఏటి పుస్తకంలో ఆ పేజీ నువ్వే చూస్తున్నావు కాబట్టి అంకె సరిగ్గా పడేలా చూడు.

నా గదిలో ఎవరున్నారో ఊహించు. కమిషనర్! నలభై ఏళ్ళుగా సినిమా అంతా అయిపోయాక జీపు దిగి "వాణ్ణి అరెస్ట్ చేయండి" అనేవాడు వాడు. ఆపరేషన్ గది తలుపు తోసుకుని వచ్చి, కళ్ళజోడు తీసి "సారీ" అనేవాణ్ణి నేను. లోకానికి వాడు కమిషనరు, నేను డాక్టరుగారు. ఈసారి వాడినీ నామినేట్ చేశారు. వాడికిది పదకొండోది, వాడికీ ఇంతవరకూ సున్నాయే. ఒక్క మెట్టు కింద ఉన్నానని పొద్దుటి నుంచి నాతో మాట్లాడటం మానేశాడు.

ఓడిన ముఖం సాధన మొదలుపెట్టాను. నవ్వకు, అదొక విద్య. గెలిచినవాడి పేరు చదవగానే కెమెరా మన మీదకొస్తుంది. ముందు కనుబొమలు లేవాలి, సరైనవాడికే వచ్చిందన్నట్టు. తర్వాత చప్పట్లు. మరీ గట్టిగా కొడితే ఏడుపు దాచుకుంటున్నాడంటారు. ఆ తర్వాత పక్కవాడి చెవిలో ఏదో చెప్పాలి. నేనెప్పుడూ "కారు ఎక్కడ పెట్టారు?" అంటాను. టీవీలో చూసేవాళ్ళకి మెచ్చుకుంటున్నట్టుంటుంది.

ఆశీస్సులతో,
మామయ్య


జనవరి 16
ఆఫీసు

మామయ్యా,

అభినందనలు! నీ ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించాను. "అందని ద్రాక్షపళ్ళు పుల్లన అంటారు గానీ, మీ మామయ్య ఆ పులుపుకి రికార్డు కూడా రాయించుకున్నాడు" అంది. నీ నల్లకోటు గుండీ ఒకటి వదులైందట, కుడుతోంది.

ఇక్కడ ఊపిరి తీసుకోవడానికి తీరిక లేదు. రికార్డుల విభాగం అంటే పెద్ద పేరే గానీ, రెండు బల్లలు, కిర్రుమనే ఫ్యాను, నేను, మా పెద్దాయన. సభ రోజు తలుపు దగ్గర పంచే పుస్తకంలో ప్రతి అంకెకీ మేమే పూచీ. నిన్నొకటి తేల్చాను, విను. ఐదుసార్లు ఉత్తమ దర్శకుడైన ఒకాయన ఒక్కసారి కూడా సభకి రాలేదు, ప్రతిసారీ తన డ్రైవర్ని పంపాడు. అంటే ఉత్తమ దర్శకుడి అవార్డు అందుకోవడానికి వేదిక ఎక్కువసార్లు ఎక్కినవాడు ఒక డ్రైవరు! ఇంకొక నటి సినిమా మొత్తంలో మంచినీళ్ళడిగి, తాగి, గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోతుంది. అంతే పాత్ర, దానికే అవార్డు. ఆ నీళ్ళు తాగిన తీరు చూడ్డానికి జనం మళ్ళీ మళ్ళీ వెళ్ళారట.

ఇప్పుడు అసలు సంగతి. ఎలా రాయాలో తెలియడం లేదు. మనసు కాస్త గట్టి చేసుకో. ఈసారితో నీ రికార్డు నువ్వనుకున్నట్టు నిలవదు మామయ్యా. ఎందుకని అడగకు, సంఘం సమావేశం అయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదని మా పెద్దాయన ఆజ్ఞ. ఈపాటి రాయడం కూడా తప్పే. కానీ సభలో నలుగురి మధ్యా ఒక్కసారిగా తెలిస్తే నువ్వేమైపోతావోనని భయమేసింది. దిగి వచ్చాక అన్నీ చెబుతాను.

నీ మీద బెంగతో,
మేనకోడలు


జనవరి 18
కొండ మీద

బంగారుతల్లీ,

అర్థమైంది. ఇంక ఒక్క ముక్క కూడా రాయకు, నీ ఉద్యోగానికి ఎసరొస్తుంది. నీ ఉత్తరం స్టవ్వు మీద పెట్టి కాల్చేశాను. వంటాయన తిట్టాడు.

నా గురించి దిగులు పడకు. రికార్డు పోతే పోనీ, ఏం చేస్తాం? ఏ రికార్డైనా ఏదో ఒకనాడు పోవాల్సిందే. గుండె రాయి చేసుకున్నాను. గట్టివాణ్ణి నేను. ఈ ఉత్తరం రాస్తూ మధ్యలో రెండుసార్లు లేచి గది చుట్టూ తిరిగొచ్చాను, చలికి. చలికే.

రెండు చిన్న సందేహాలు, మామూలుగా అడుగుతున్నాను. ఆ వేదిక మెట్లకి పట్టుకోవడానికి కమ్మీ ఉంటుందా? నా మోకాలి సంగతి నీకు తెలుసు. సంఘం సమావేశంలో ఎవరైనా అడ్డు చెప్పారా?

నా నోట్లో నువ్వుగింజ నానదు కదా, కమిషనర్‌కి చెప్పేశాను. వాడొక్కడికే. "ఒరేయ్, ఈసారితో రికార్డు నీకు వదిలేస్తున్నాను, జాగ్రత్తగా చూసుకో" అన్నాను. వాడు మంచం దిగి వచ్చి నన్ను కౌగిలించుకుని, తన రెండో దిండు నాకిచ్చాడు. వారం నుంచి పలకనివాడు! పోటీలో తనూ ఉన్నానన్న సంగతే వదిలేశాడు పాపం. ఇవాళ్టి నుంచి ఇద్దరం ఒక పని మీద ఉన్నాం, నీకు చెప్పను.

నీ ధైర్యవంతుడైన
మామయ్య


జనవరి 24
ఆఫీసు

మామయ్యా,

నువ్వింత పెద్ద మనసుతో తీసుకుంటావని కలలో కూడా అనుకోలేదు. నీ ఉత్తరం వచ్చేదాకా నాకు సరిగా నిద్ర లేదు. నేను సగం చెప్పగానే నువ్వు మిగతా సగం గ్రహించావంటే, నీకు ముందే అనుమానం ఉండి ఉంటుంది.

సమావేశం అయింది. ఒక్కరూ అడ్డు చెప్పలేదు. అధ్యక్షులవారైతే "ఇన్నేళ్ళుగా జరిగిన పొరపాటు, మన చేతుల మీదుగానే సరిదిద్దుకుందాం" అన్నారు. అందరూ తలలూపారు. నీ మీద వాళ్ళకెంత గౌరవమో మామయ్యా! పేజీ ప్రెస్సుకి వెళ్ళిపోయింది, ఇక మార్చడానికి లేదు.

మెట్లకి కమ్మీ ఉంది. ఎందుకడిగావో తెలీదు గానీ, మోకాలన్నావు కదా, నీకు వరస చివరి సీటు ఇప్పించాను, ఎవరికీ అడ్డం లేకుండా లేచి వెళ్ళొచ్చు. కమిషనర్ అంకుల్‌ది నీ పక్కనే. ఆయనకి నువ్వే చెప్పావంటే నీదెంత ఉదార హృదయం!

ఇవాళ్టి వింత: ఒకే రాత్రి ఉత్తమ దర్శకుడూ ఉత్తమ నటీ అయిన భార్యాభర్తలున్నారు. నామినేషన్‌కీ సభకీ మధ్య విడాకులు తీసుకున్నారు. ఫొటో కోసం పక్కపక్కన నిలబడమంటే ఆవిడ "ఆ మనిషి దర్శకత్వంలో ఇదే ఆఖరి షాట్" అందట.

అత్తయ్య గుండీ కుట్టేసింది.

నిశ్చింతగా,
మేనకోడలు


ఫిబ్రవరి 1
కొండ మీద

తల్లీ,

కమ్మీ, చివరి సీటు! నువ్వు రాయకుండానే రాయడం ఎక్కడ నేర్చుకున్నావే? మీ అమ్మ కూడా ఇంతే, మా నాన్న ఎదురుగా కూర్చునే నాకు పరీక్ష ఫలితం కళ్ళతో చెప్పేసేది.

ఇక్కడ సంగతి దాగలేదు. నేను చెప్పలేదు, కమిషనర్ చెప్పాడు, వాడొక్కడికే అని లైట్‌మ్యాన్‌కి చెప్పాడట. డైరెక్టరు కేకు తెప్పించాడు. ఈ సినిమాలో నేను మొదటిసారి డాక్టర్ని కాదు, బయట బెంచీ మీద కూర్చుని డాక్టరు చెప్పే "సారీ" వినే తండ్రిని. నిన్న ఆ సీను తీశారు. ఎంత బిగపట్టినా నవ్వొస్తోంది. కొడుకు పోయాడని చెబుతుంటే తండ్రి మురిసిపోతున్నట్టుంది. డైరెక్టరు పాపం "సభ అయ్యాక తీద్దాం లెండి" అని మిగతాది వాయిదా వేశాడు.

మేమిద్దరం చేస్తున్న పని ఉపన్యాసం. నేను బాత్రూం అద్దం ముందు చెబుతాను, కమిషనర్ మంచం మీద సభికుడిలా కూర్చుంటాడు. నేనెక్కడైనా మర్చిపోతే వాడే అందిస్తాడు. మొదలు ఇలా ఉంటుంది: "నలభై ఏళ్ళుగా నేను ఆపరేషన్ గది తలుపు తోసుకుని బయటికొస్తే ఎదురుగా ఉన్నవాళ్ళు ఏడ్చారు. ఇవాళ మొదటిసారి చప్పట్లు కొట్టారు." తర్వాత మీ అత్తయ్య. పదకొండుసార్లు సభ నుంచి ఓడి ఇంటికెళ్తుంటే కారులో ఆవిడ ఒక్కటే అడిగింది, "ఆకలేస్తోందా?" అని. ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే ఏడ్చేసేవాణ్ణి. ఆ సంగతి సభలో చెబుతాను.

ఎలాగూ వస్తోంది కాబట్టి నీకొక మాట చెప్పేస్తాను. నేను రికార్డు రికార్డు అని తిరిగిందంతా నాటకం. ప్రతి ఏడాదీ నాకు అవార్డే కావాలనిపించింది. ఆరోసారో ఏడోసారో జనం జాలిగా చూడటం మొదలుపెట్టారు. ఆ చూపు పడలేక, ఓడిపోవడమే ఒక గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టాను. జనం నవ్వారు. నవ్వితే జాలి పడరు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు గోడ బల్ల మీద దానికి జాగా కూడా చూసి పెట్టుకున్నాను. చాలా కావాలి నాకది.

నీ
మామయ్య


ఫిబ్రవరి 3
ఇల్లు

మామయ్యా,

వ్యాను డ్రైవర్ని గేటు దగ్గర నిలబెట్టి ఇది రాస్తున్నాను. నన్ను క్షమించు. నువ్వు ఘోరంగా పొరబడ్డావు, పొరబడేలా రాసింది నేను.

ఎవరు గెలిచారో నాకు తెలియదు. మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఓట్లు లెక్కపెట్టేవాళ్ళు వేరు, కవరు వేదిక మీదే తెరుస్తారు.

నేను చెప్పబోయింది ఇది. నీ ఆరో నామినేషన్ సినిమా ఉంది చూడు, దాని నిర్మాతగారి కూతురు మాకు ఫోన్ చేసి, "మా నాన్న సినిమా విడుదల తేదీ తప్పు వేస్తున్నారు" అంది. సరిచూస్తే ఆవిడ మాట నిజం. గడువు దాటాక విడుదలైంది. ఆ ఏడాది సంఘమే సంగతి తెలుసుకుని ఆ సినిమాని పోటీలోంచి తీసేసిందట. మొదటి జాబితా పేపర్లలో పడింది గానీ, తీసేసిన కబురు ఎవరూ వేయలేదు. అప్పట్లో సభలో గెలిచినవాడి పేరొక్కటే చదివేవాళ్ళట, అందుకే నీకూ తెలియలేదు. కాబట్టి ఆ ఒక్కటీ లెక్కలోకి రాదు. ఈ ఏడాదితో కలిపి నీవి పదకొండు. కమిషనర్ అంకుల్‌వీ పదకొండే. ఇద్దరి పేర్లూ ఒకే వరసలో అచ్చవుతున్నాయి. అధ్యక్షులవారు సరిదిద్దుదామన్నది దీన్ని.

రికార్డంటే నీకు ప్రాణమని నమ్మి, అది సగమైపోతోందని చెప్పలేక నీళ్ళు నమిలాను. నీ మనసులో ఉన్నది వేరని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. అవార్డు రావచ్చు, రాకపోవచ్చు, నిజంగా ఎవరికీ తెలియదు. చెట్టెక్కించి నిచ్చెన లాగేశాను. నీ ఉత్తరం మూడో పేజీ అత్తయ్యకి చదవలేకపోయాను. ఆవిడే తీసుకుని చదువుకుంది. మడిచి తన దగ్గరే పెట్టుకుంది.

ఒక్క తిట్టైనా రాయి మామయ్యా.

నీ
మేనకోడలు


ఫిబ్రవరి 8
కొండ మీద

అమ్మాయ్,

తిట్టాను. గట్టిగానే తిట్టాను, కొండ చివరికెళ్ళి. నిన్ను కాదు, నన్ను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు కేకు కూడా తినేశాను కదా!

యూనిట్‌కి చెప్పడం కష్టమైంది. అందరి ముఖాల్లో మళ్ళీ ఆ ఆసుపత్రి చూపు వచ్చింది. కమిషనర్‌కి చెబితే ముందు పడీ పడీ నవ్వాడు. తర్వాత వేళ్ళ మీద లెక్కపెట్టుకుని "అయితే సగం రికార్డు నాదేనా?" అన్నాడు. దిండు వెనక్కి తీసుకుంటాడేమో అనుకున్నాను. తీసుకోలేదు. రాత్రి భోజనాల దగ్గర తన పళ్ళెంలోంచి తీసి నాకు వడ్డించాడు. వాడి జన్మలో అలాంటిది చేయలేదు.

వాణ్ణడిగాను, "నీకు కావాలనిపించదురా అవార్డు?" అని. "నోరు మూసుకుని తిను" అన్నాడు. కావాలన్నమాట.

ఓడిన ముఖం సాధన మానేశాను. గెలిచిన ముఖమూ నా దగ్గర లేదు. ఉన్న ముఖంతోనే వస్తాను. సభ అయిన మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఇక్కడికి రావాలి, మిగిలిన సీను ఉంది. నువ్వెలాగూ వేదిక వెనక గదిలో పని మీద ఉంటావు కదా, బహుశా కలవలేం. కోటు అత్తయ్యనే తెమ్మని చెప్పు.

మామయ్య


ఫిబ్రవరి 19
కొండ మీద

బంగారుతల్లీ,

నువ్వు లోపల గదిలో కార్డులు అందిస్తూ ఏమీ చూడలేదని అత్తయ్య చెప్పింది. టీవీలో చూసినా సగమే చూసుంటావు, అందుకని నేనే చెబుతాను.

కవరు తెరిచారు. కమిషనర్ పేరు చదివారు.

నా ముఖం ఎలా ఉందో నాకు తెలీదు. కనుబొమలు లేవలేదు. చప్పట్లు కొట్టాలని గుర్తొచ్చేసరికి ఆలస్యమైంది. వాడు లేవలేదు. నావైపు తిరిగి "నిన్నే పిలిచారు, పో" అన్నాడు. "నిన్నేరా" అన్నాను. నా చివరి సీటు దాటి వెళ్ళాలి కదా, నా మోకాలు తొక్కి వెళ్ళాడు. కమ్మీ పట్టుకుని వాడెక్కుతుంటే కడుపులో మంట నిజం, సంతోషమూ నిజం. రెండూ ఒకేసారి ఉంటాయని డెబ్బై ఏళ్ళకి తెలిసింది.

వాడేమీ సిద్ధం చేసుకోలేదు. మైకు ముందు నిలబడ్డాడు. వాడికి కంఠతా వచ్చిన ఉపన్యాసం ఒక్కటే. మొదలుపెట్టేశాడు, "నలభై ఏళ్ళుగా నేను ఆపరేషన్ గది తలుపు తోసుకుని బయటికొస్తే..." అని! సభ గొల్లుమంది. కమిషనర్ ఆపరేషన్ గదిలోంచి రావడమేమిటి? అప్పుడు వాడికి తెలిసింది. ఆగి, వేలితో నన్ను చూపించి, "ఇది నాది కాదు, వాడిది. నా దగ్గర వేరేది లేదు. ఇదే పూర్తి చేస్తాను" అన్నాడు.

పూర్తి చేశాడే! పొల్లు పోకుండా. కారు సంగతి, "ఆకలేస్తోందా" సంగతి, అంతా. "మా ఆవిడకి" అనాల్సిన చోట "వాడి ఆవిడకి" అన్నాడు, అంతే తేడా. రెండుచోట్ల తడబడితే నేను కింద నుంచి అందించాను. వాడి ఖాళీ సీట్లోకి జరిగిన మీ అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఎంత గట్టిగా నొక్కిందంటే ఉంగరం గుర్తు ఇంకా ఉంది. సభంతా లేచి నిలబడింది. ఎవరి కోసం లేచిందో ఇప్పటికీ మా ఇద్దరి మధ్యా తగాదానే.

బయటికొస్తుంటే విలేకరులు మూగారు. ఒకడు మీ పుస్తకం పట్టుకుని, "సార్, పోటీదారు గెలిచేశాడు, పదకొండుతో రికార్డు మళ్ళీ మీ ఒక్కరిదే, ఎలా ఉంది?" అని అడిగాడు. అందరూ నేను వేసే జోకు కోసం నవ్వు సిద్ధం చేసుకుని నిలబడ్డారు. నా దగ్గర మూడు జోకులున్నాయి కూడా. "చేదుగా ఉంది నాయనా" అన్నాను. "నాకు రికార్డు అక్కర్లేదు. అవార్డే కావాలి. మొదటిసారి నుంచీ కావాలి" అన్నాను. ఎవరూ నవ్వలేదు. జాలిగా కూడా చూడలేదు, అదే విచిత్రం. ఆ కుర్రాడు పుస్తకం మూసేసి "మాక్కూడా కావాలి సార్, మీకు రావాలి" అన్నాడు.

కారులో మీ అత్తయ్య ఏమీ అడగలేదు. నేనే "ఆకలేస్తోంది" అన్నాను. ఇద్దరం కడుపునిండా తిన్నాం.

నువ్వు చేసిన దానికి ఇంక ఏడవకు. నువ్వలా రాయకపోతే ఆ మాటలు నాతోనే పోయేవి.

ఇవాళ పొద్దున మిగిలిన సీను తీశారు. కమిషనర్ కింద ఇంటర్వ్యూల్లో ఊరేగుతున్నాడు, గది బోసిగా ఉంది. బెంచీ మీద కూర్చున్నాను, డాక్టరు వచ్చి చెప్పాడు, విన్నాను. డైరెక్టరు "ఓకే" అన్నాడు, లైట్లు తీయబోయారు. నలభై ఏళ్ళలో నేనెప్పుడూ డైరెక్టరు మాటకి ఎదురు చెప్పలేదు. పెట్టింది తిని, చెప్పింది చేసి, డబ్బింగ్ చెప్పి ఇంటికెళ్ళేవాణ్ణి. ఇవాళ లేవలేదు.

"బాలేదండీ. నేనింకా బాగా చేయగలను. ఇంకో టేకు ఇవ్వండి" అన్నాను.

ఇచ్చాడు.

నీ
మామయ్య